చెరువు గట్టు మీద ఒక అంకె కావాలి

వేసవి సెలవులు వచ్చాయంటే గరివిడి చుట్టుపక్కల ఊళ్లలో మధ్యాహ్నం వేళ పిల్లలు ఎక్కడ ఉంటారో ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో లేరంటే చెరువులో ఉన్నట్టే. మీలో చాలామంది అలాగే పెరిగి ఉంటారు. ఎండిన సొరకాయ బుర్ర నడుముకు కట్టుకుని కొందరు, లారీ ట్యూబు పట్టుకుని కొందరు ఈత నేర్చుకున్న తరం మనది. ఆ చెరువు నీటిని గురించే ఈ వ్యాసం. అయితే అంతకంటె ముందు నా పొరపాటు ఒకటి మీకు చెప్పుకోవలసి ఉన్నది.

నేను వృత్తిలో ఉన్న రోజులలో ఒక ఏడాది, తొలకరి వానలు పడిన పది పన్నెండు రోజులకు, పదమూడేళ్ల కుర్రవాణ్ణి తీసుకువచ్చారు. తీవ్రమైన జ్వరం. కళ్లు ఎర్రబడ్డాయి. పిక్కల మీద చేయి వేయనివ్వడం లేదు. మూడవనాటికి కళ్లలో పసుపు కనిపించింది. నేను పచ్చకామెర్లని అనుకున్నాను. ఏమి తిన్నాడు, ఏ నీళ్లు తాగాడు, బయట ఏమైనా కొనుక్కున్నాడా అని వరుసగా అడిగాను. ఎక్కడ స్నానం చేశాడని మాత్రం అడగలేదు. మూత్రం తగ్గిపోయిన తరువాత పెద్ద ఆసుపత్రికి పంపించాను. అక్కడ నా కంటె ఇరవై ఏళ్లు చిన్నవాడైన ఒక వైద్యుడు ఆ తల్లిని అడిగిన మొదటి ప్రశ్న, "చెరువులో దిగాడా అమ్మా?" అని. అది లెప్టోస్పైరోసిస్. ఎలుకలు, పశువులు, పందులు, కుక్కల మూత్రంతో నీటిలో కలిసే సూక్ష్మజీవి, కాలి మీద చిన్న గీత ఉన్నా చాలు, లోపలికి ప్రవేశిస్తుంది. కంటి పొర గుండా, ముక్కు పొర గుండా కూడ ప్రవేశిస్తుంది. కుర్రవాడు బతికాడు. కాని రక్తశుద్ధి యంత్రం మీద పడుకోవలసి వచ్చింది. వాళ్ల నాన్న ఒక ఎకరం అమ్ముకోవలసి వచ్చింది. మొదటి రోజే సరైన యాంటీబయాటిక్ ఇచ్చి ఉంటే ఆ ఎకరం వాళ్లకే మిగిలేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ ప్రశ్న నాకు ఎందుకు తట్టలేదు? చదువు లేక కాదు. నీటి వలన వచ్చే జబ్బు అనగానే తాగే నీరే మన మనసులో మెదలుతుంది. స్నానం చేసే నీరు, ఈదే నీరు మన లెక్కలోకి రాదు. వైద్యుడి లెక్కలోనే రానిది ప్రభుత్వపు లెక్కలోకి ఎలా వస్తుంది?

2024 అక్టోబరులో మన పొరుగు మండలం గుర్లలో జరిగినది మీరు మరచి ఉండరు. అతిసారం ప్రబలింది, ప్రాణాలు పోయాయి, వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఉపముఖ్యమంత్రి స్వయంగా వచ్చి చూశారు, విచారణకు సీనియర్ అధికారిని నియమించారు. చంపావతి నది పరిశుభ్రత, గొట్టాల లీకులు, ట్యాంకుల శుభ్రత, బహిరంగ మలవిసర్జన అన్నీ చర్చకు వచ్చాయి. ఆ వారం రోజులూ మన మండలంలో కూడ కుళాయి నీటిని సీసాలలో పట్టి పరీక్షకు పంపారు. మంచిదే. అదే వారంలో మా వీధి పిల్లలు యథాప్రకారం చెరువులో ఈదుతూనే ఉన్నారు. ఆ నీటిని ఎవరూ సీసాలో పట్టలేదు.

ఈదేవాడు నీళ్లు తాగడు కదా అని మీరు అనవచ్చు. తాగుతాడు. అమెరికాలో ఈతకొలనులలో జరిపిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. ముప్పావు గంట ఈదిన పిల్లలు సగటున 37 మిల్లీలీటర్లు, పెద్దలు 16 మిల్లీలీటర్లు నీరు మింగుతారని అందులో తేలింది. ముప్పై ఏడు మిల్లీలీటర్లు అంటే మన ఇళ్లలో దగ్గు మందు పోసే చిన్న మూతతో మూడు నాలుగు మూతలు. ఇంటికి వచ్చి కాచి వడగట్టిన నీళ్లు తాగే పిల్లవాడు, వచ్చే ముందు అంత చెరువు నీటిని మింగే వచ్చాడన్నమాట.

చెరువు నీటికి ప్రమాణం లేదా అంటే, ఉన్నది. 2000 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పర్యావరణ పరిరక్షణ నియమాల కింద స్నానపు నీటికి ప్రమాణాలను ప్రకటించింది. మలం నుంచి వచ్చే కోలిఫారం సూక్ష్మజీవులు 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉండడం వాంఛనీయం, 2,500 మించరాదు. మలజనిత స్ట్రెప్టోకోకై 100 వాంఛనీయం, 500 మించరాదు. నీటిలో కరిగిన ప్రాణవాయువు లీటరుకు 5 మిల్లీగ్రాములకు తగ్గరాదు, జీవరసాయనిక ప్రాణవాయువు గిరాకీ 3 మిల్లీగ్రాములకు మించరాదు, పి.హెచ్. 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. 2025 ఫిబ్రవరిలో కుంభమేళా సమయంలో ప్రయాగ నీరు స్నానానికి తగిన ప్రమాణంలో లేదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు నివేదించినప్పుడు ఈ 2,500 అంకె పత్రికలలో కనిపించింది. దేశమంతా నాలుగు రోజులు దానిని గురించి వాదించుకున్నది. ఆ వాదనలో ఏ పక్షాన ఉన్నవారైనా సరే, తమ ఊరి చెరువు అంకె ఎంతో చెప్పగలిగినవారు నాకు ఒక్కరూ తటస్థపడలేదు.

ఈ అంకెను తెలుసుకోవడం గురించి కొంచెం విడమరచి చెప్పాలి. ఎందుకంటే ఇక్కడే మంచి ఉద్దేశంతో తప్పు జరుగుతున్నది. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి గ్రామంలోనూ అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష పెట్టె వాడడం నేర్పాలని నిర్ణయించారు. దానితోపాటు ఇచ్చే చిన్న సీసాలో నీరు పోసి వెచ్చగా ఉంచితే, మల కాలుష్యం ఉన్నప్పుడు నీరు నల్లబడుతుంది. 1982లో మన దేశ శాస్త్రవేత్తలే రూపొందించిన పరీక్ష అది. తాగే నీటికి చక్కని పరీక్ష, ఎందుకంటే అక్కడ జవాబు ఉన్నదా లేదా అన్నంత వరకే కావాలి. తాగే నీటిలో 100 మిల్లీలీటర్లకు ఒక్క ఈ.కొలై కూడ ఉండరాదు. కాని అదే సీసాలో చెరువు నీరు పోశారనుకోండి. నల్లబడక తప్పదు. కొంగలు వాలే చోట, గేదెలు దిగే చోట, వాన నీరు చేరే చోట ఏ చెరువు నీరైనా నల్లబడుతుంది. అందుచేత "చెరువు చెడిపోయింది" అని ఒకరు అంటారు, "ఎప్పుడూ ఇంతే కదా" అని మరొకరు అంటారు. ఇద్దరూ ఇంటికి పోతారు. చెరువుకు కావలసినది అవునా కాదా అన్న జవాబు కాదు, ఎంత అన్న జవాబు. మూడు వందలా, మూడు వేలా, ముప్పై వేలా? మూడు వందలైతే పిల్లల్ని దిగనివ్వవచ్చు. ముప్పై వేలైతే ఎక్కడి నుంచో మరుగుదొడ్డి నీరు తిన్నగా చెరువులోకి వస్తున్నదని అర్థం. వెతికి ఆపవలసి ఉంటుంది.

ఆ లెక్కకు ప్రయోగశాల కావాలి. నీటిని వేర్వేరు పాళ్లలో పలుచన చేసి, వరుస గొట్టాలలో పోసి, ఎన్ని గొట్టాలలో సూక్ష్మజీవులు పెరిగాయో చూసి లెక్క కడతారు. ఆ పని అక్కడివారు చూసుకుంటారు. మన చేతిలో ఉన్నది నీరు పట్టే తీరు. దానిలో తప్పితే ప్రయోగశాల ఎంత గొప్పదైనా వ్యర్థమే. శుద్ధి చేసిన సీసా కావాలి, ఇంట్లో మందు సీసా కడిగి తేకూడదు. పిల్లలు దిగే చోటనే, మొలలోతు నీటిలో, పైతేట కాకుండ జానెడున్నర లోపల సీసా మూత తెరచి పట్టాలి. గట్టున నిలబడి వంగి పట్టినది చెరువు నీరు కాదు, గట్టు బురద. మూత లోపలి భాగాన్ని వేలితో తాకరాదు. ఐసు పెట్టెలో పెట్టి ఆరు గంటలలో ప్రయోగశాలకు చేర్చాలి. ఎండలో మోటారు సైకిలు సంచిలో వేసుకుని మరునాడు చేర్చిన నీటిలో సూక్ష్మజీవులు చచ్చి ఉండవచ్చు, రెట్టింపై ఉండవచ్చు. రెండింటిలో ఏదైనా అబద్ధమే.

ఇంత చేసినా ఫలితం వచ్చేసరికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అంటే ఆ కాగితం మొన్నటి చెరువును గురించి చెబుతుంది. మధ్యలో ఒక్క వాన పడితే చాలు, వీధి మురుగు, పెంటకుప్పలు, పందులు తిరిగిన బురద అన్నీ చెరువు గర్భంలోకి చేరతాయి. ఈ విషయంలో పారిస్ నగరం చేసిన పని నాకు నచ్చింది. 1923 నుంచి నిషేధం ఉన్న సేన్ నదిలో 2025 జులై 5న ప్రజలకు ఈతస్థలాలు తెరిచారు. రోజూ నీరు పరీక్షించి జెండా ఎగరవేస్తారు. తెరచిన మరునాడే వాన కారణంగా మూసివేశారు! వందేళ్లు ఎదురుచూసి తెరచినదానిని ఒక్క రోజుకే మూశారే అని నవ్వుకున్నవాళ్లు ఉన్నారు. నేను మాత్రం ఆ మూసివేతనే మెచ్చుకున్నాను. వాన పడితే నీటిని నమ్మరాదన్నది ప్రయోగశాల అవసరం లేని పరీక్ష. గట్టి వాన తరువాత రెండు రోజులు చెరువులో దిగరాదు. ఈ ఒక్క నియమం ఆ ఏడాది నా దగ్గరకు వచ్చిన కుర్రవాడికి ఎవరైనా చెప్పి ఉంటే!

అంత దూరం ఎందుకు, మన విశాఖలో రుషికొండ ఉన్నది. 2020లో దానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు నియమాలలో స్నానపు నీటిని క్రమం తప్పక పరీక్షించాలని, ఫలితాన్ని వచ్చినవారికి కనబడేటట్లు ప్రదర్శించాలని ఉన్నది. పర్యాటకుడు ఒక్కపూట దిగే సముద్రానికి ఈ మర్యాద దక్కింది. మన పిల్లవాడు వేసవి అంతా దిగే చెరువుకు దక్కలేదు.

అంకె అన్నీ చెప్పదన్న సంగతి కూడ దాచను. కోలిఫారం లెక్క అతిసారం, టైఫాయిడ్, కామెర్లు వంటి మలజనిత వ్యాధుల ముప్పును సూచిస్తుంది. లెప్టోస్పైరాను అది పట్టుకోలేదు. పశువుల నుంచి నత్తలలోకి, నత్తల నుంచి నీటిలోకి వచ్చి మన చర్మంలో దూరబోయి చచ్చే సూక్ష్మమైన పురుగులున్నాయి. చెరువులో దిగి వచ్చాక కాళ్లమీద ఎర్రని దద్దుర్లు లేచి రాత్రంతా దురద పెట్టేది వాటి వలననే. వాటినీ ఆ లెక్క చూపదు. కేరళలో కొన్నేళ్లుగా వార్తలలో ఉన్న మెదడువాపు అమీబా సంగతీ అంతే. ముక్కులోకి నీరు బలంగా పోయినప్పుడు అది మెదడును చేరుతుంది, సోకినవారిలో బతికేది బహు తక్కువ మంది. అయితే అది మిక్కిలి అరుదు. దాని పేరు చెప్పి పిల్లల్ని చెరువుకు దూరం చేయమని నేను అనను. వేసవి చివర నీరు అడుగంటి, వేడెక్కి, బురదగా ఉన్నప్పుడు గట్టు మీద నుంచి దూకవద్దని, మునకలు వేయవద్దని మాత్రం చెప్పండి. చెరువు మీద ఆకుపచ్చ రంగు పోసినట్లు తెట్టు కట్టినప్పుడు కూడ దింపవద్దు. అది మామూలు నాచు కాదు, కొన్ని జాతులు కాలేయానికి హాని చేసే విషాన్ని విడుస్తాయి. దానిని తాగి పశువులు చనిపోతాయి.

కనుక అంకెతోపాటు కన్ను కూడ కావాలి. సంవత్సరానికి ఒకసారి చెరువు చుట్టూ నడిచి, ఏ కాలువ ఎక్కడ కలుస్తున్నది, ఏ ఇంటి మరుగుదొడ్డి గొట్టం ఎటు తిరిగి ఉన్నది, పశువులు ఎక్కడ దిగుతాయి, పందులు ఎక్కడ పొర్లుతాయి, చేపల కోసం కోళ్ల పెంట వేస్తున్నారా అని రాసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈత నీటికి ఇచ్చిన మార్గదర్శకాలలో కూడ ఈ నడకకు ప్రయోగశాల పరీక్షతో సమానమైన స్థానం ఉన్నది. పశువుల రేవు, చాకిరేవు, పిల్లల రేవు వేరు వేరుగా ఉండాలని మన పెద్దలు పెట్టిన ఏర్పాటు కూడ ఇదే. ఇప్పుడు గట్లు ఆక్రమణలో పోయి అన్ని రేవులూ ఒక్కటైపోయాయి.

ఇక్కడ బ్లీచింగ్ పొడి మాట ఒకటి. ఎక్కడ జబ్బు వినబడినా నాలుగు బస్తాలు చెరువు గట్టున చల్లి ఫొటో తీసుకోవడం ఆనవాయితీ అయింది. లెక్క చూడండి. అయిదు ఎకరాల చెరువులో రెండు మీటర్ల నీరుంటే అది నాలుగు కోట్ల లీటర్లు. లీటరుకు 5 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలన్నా 200 కిలోల క్లోరిన్, అంటే ఆరు వందల కిలోలకు పైగా బ్లీచింగ్ పొడి. అంతా పోసినా చెరువులోని బురద, నాచు కలిసి గంటలలో దానిని మింగేస్తాయి. సూక్ష్మజీవుల కంటె ముందు చేపలు చస్తాయి. చెరువును మందుతో శుద్ధి చేయలేము, దానిలోకి వచ్చే మలినాన్ని ఆపగలం. అంతే.

"ఇంత తలనొప్పి ఎందుకు, చెరువులో దిగవద్దని బోర్డు పెట్టేస్తే పోలేదా?" అని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. గరివిడి సంగతి తెలిసినవారు ఆ మాట అనరాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకం నుంచి ఈ ప్రాంతంలో మాంగనీసు తవ్వుతున్నారు. తవ్వి వదిలిన గోతులలో వాన నీరు నిలుస్తుంది. చెరువుకు అడ్డు చెబితే పిల్లలు అక్కడికి పోతారు. ఆ నీరు తేటగా, నీలంగా ఉంటుంది. చూస్తే చెరువు కంటె శుభ్రమనిపిస్తుంది. బహుశా మల కాలుష్యం లెక్కలో శుభ్రమే కావచ్చు. మాంగనీసు చర్మం ద్వారా పెద్దగా లోపలికి పోదు కూడ. కాని చెరువు మెల్లగా లోతెక్కుతుంది, గోతికి మొదటి అడుగే లోతు. గోడలా నిలువుగా కోసిన అంచు, పట్టు దొరకని జారుడు రాళ్లు. ఈత రానివాడు ఒక్కడు జారితే రక్షించబోయినవాడూ పైకి రాడు. 2021లో ప్రపంచమంతటా దాదాపు మూడు లక్షల మంది నీట మునిగి మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నీటి జబ్బులకు భయపడి ఈతనే మాన్పించడం, దోమకు భయపడి ఇల్లు తగలబెట్టుకోవడం వంటిది. పిల్లలు ఈత నేర్వాలి. మెల్లగా లోతెక్కే చెరువులో, పెద్దల కళ్ల ఎదుట, అంకె తెలిసిన నీటిలో నేర్వాలి.

ఎవరు చేయాలి? రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నదులలోను, పెద్ద జలాశయాలలోను ఎంచుకున్న స్థానాలలో నీరు పరీక్షిస్తుంది. ఊరూరి చెరువు దాకా అది రాలేదు, రమ్మనడం న్యాయమూ కాదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం తాగే నీటి వరకే తన బాధ్యత అంటుంది, కాగితం మీద అది నిజమే. నీటిపారుదల వారికి చెరువు అంటే ఆయకట్టు. మత్స్యశాఖకు చేపలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి జబ్బు వచ్చిన తరువాతి సంగతి. ఇన్ని శాఖలకు చెందిన చెరువులో ఈదే పిల్లవాడు ఒక్క శాఖకూ చెందడు. అందుచేత ఇది పంచాయతీ చేయవలసిన పని అని నా అభిప్రాయం. చాలా ఊళ్లలో చెరువు చేపల పాట సొమ్ము పంచాయతీకే వస్తుంది. ఆ సొమ్ములో కొద్ది భాగం అదే చెరువు నీటి పరీక్షకు పోతే తప్పేమున్నది? ఐరోపా దేశాల నియమం ప్రకారం ఒక ఈత రుతువులో కనీసం నాలుగు నమూనాలు చాలు, అందులో మొదటిది పిల్లలు దిగడానికి ముందే తీయాలి. మనకు మార్చి చివర ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, మే నెలలో ఒకటి, తొలకరి తరువాత ఒకటి.

గరివిడికి మరొక వసతి ఉన్నది. మన ఊళ్లోనే పశువైద్య కళాశాల ఉన్నది. మనుషులకూ పశువులకూ మధ్య తిరిగే జబ్బులు, నీటి పరిశుభ్రత ఆ చదువులో భాగమే. లెప్టోస్పైరోసిస్ మనుషుల కంటె ముందు పశువుల జబ్బు. ఈడ్చుకుపోతున్న గేదె ఈనిన తీరు చూసి చెరువును అనుమానించగలవాడు పశువైద్యుడే. ఊరి చెరువులను విద్యార్థుల పాఠంగా తీసుకోవలసిందని పంచాయతీ ఒక ఉత్తరం రాయవచ్చు. రాసి చూడడానికి ఖర్చేమీ లేదు.

అన్నిటి కంటె ముఖ్యమైనది ఆ ఫలితం ఎక్కడ ఉండాలన్నది. కార్యాలయం బీరువాలో కాదు. చెరువు గట్టు మీద, పిల్లలు చొక్కాలు విప్పి పెట్టే చోట, పెద్ద అక్షరాలతో ఉండాలి. నీరు తీసిన తేదీ, వచ్చిన అంకె, పక్కన ఒక రంగు. 500 లోపైతే ఆకుపచ్చ, 2,500 దాకా పసుపు, మించితే ఎరుపు. కింద ఒక వాక్యం: గట్టి వాన పడితే రెండు రోజులు దిగవద్దు. రంగు పడగానే ఊళ్లో మాటలు మొదలవుతాయి. ఎరుపు ఎందుకు వచ్చిందని ఒకరు అడుగుతారు, ఫలానా కాలువ అని ఒకరు అంటారు. ఆ మాటలే కావాలి. చదువుకున్న పిల్లలైతే ఆ అంకెను ఫోనులో ఫొటో తీసి తిప్పుతారు.

ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినోత్సవం. ఆనాటి గ్రామసభలో ఈ విషయం ఎత్తాలని నా కోరిక. తీర్మానం రెండు వాక్యాలు చాలు: చెరువు నీటిని ఏటా నాలుగు మారులు స్నానపు ప్రమాణాల ప్రకారం పరీక్షించి ఫలితాన్ని గట్టుమీద ప్రదర్శించాలి, ఖర్చును చేపల పాట సొమ్ము నుంచి భరించాలి. మొదటి నమూనా నేనే తీస్తాను. శుద్ధి చేసిన సీసాలు, ఐసు పెట్టె నా దగ్గర ఉన్నాయి. మొలలోతు నీటిలో దిగడానికి మోకాళ్లు సహకరించడం లేదు కనుక ఈత వచ్చిన ఒకరు తోడు రావాలి. పొద్దున్నే ఏడు గంటలకు బయలుదేరితే పది లోపు విజయనగరం చేరవచ్చు.